పక్షవాతంతో మంచాన పడిన పెద్దవారి దగ్గర అటెండెంట్ పగటి డ్యూటీ ఎలా చేయాలి

పక్షవాతం వచ్చి మంచాన పడిన పెద్దవారిని చూసుకోవడానికి ఇంటికి వెళ్ళే అటెండెంట్‌కు చాలా చోట్ల ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు, అంటే 12 గంటల డ్యూటీ ఉంటుంది. ఇంట్లోకి రాగానే సబ్బుతో చేతులు కడుక్కొని, రాత్రి దగ్గరున్నవారిని మూడు విషయాలు అడగాలి: నిద్ర ఎలా పట్టింది, మూత్రం ఎన్నిసార్లు అయింది, చివరిసారి ఏ పక్కకు, ఎన్ని గంటలకు తిప్పారు. మూడో ప్రశ్న అడగడం చాలామంది మరచిపోతారు. నా దృష్టిలో ఆనాటి పనికంతటికీ మొదలు అదే.

కదలలేని మనిషి ఒకే పక్కన పడుకొని ఉంటే ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మానికి రక్తం సరిగా అందక పుండు పడుతుంది. నడుము కింది భాగం, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుక భాగం ముందుగా దెబ్బతింటాయి. అందుకే డాక్టరు వేరుగా చెప్పకపోతే రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. మార్చేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగకూడదు, ఎందుకంటే పట్టు తప్పిన భుజం కీలు సులభంగా జారుతుంది. నడుము కింద అడ్డంగా పరచిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టుకొని ఎత్తి జరపాలే తప్ప మనిషిని పరుపు మీద ఈడ్వకూడదు. పక్కకు తిప్పిన తర్వాత వీపు వెనుక ఒక దిండు, మోకాళ్ళ మధ్య మరొకటి పెట్టి, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద ఇంకొకటి సర్దాలి.

పక్క మార్చిన ప్రతిసారీ చర్మాన్ని వెలుతురులో చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టు. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైందని భావించి వెంటనే ఇంటివారికి చెప్పాలి. ఆ చోట నూనె పెట్టి రుద్దితే లోపలి కణజాలం మరింత చెడుతుంది. మన చామనఛాయ శరీరాల మీద ఎరుపు సరిగా కనిపించదు కనుక, చుట్టూ ఉన్న చర్మం కంటే ఆ చోటు వెచ్చగా, గట్టిగా ఉందా, రంగు నల్లబడిందా అని చేత్తో తడిమి కూడా చూడాలి. నేను ఈ పనిలో చేరిన మొదటి చలికాలంలో ఒక అమ్మగారి కాళ్ళకు వేసిన మేజోళ్ళను నాలుగు రోజులు తీసి చూడలేదు. ఐదో రోజు తీసేసరికి ఎడమ మడమ మీద నల్లటి బొబ్బ ఉంది. అది మానడానికి నెలలు పట్టింది, ఆ తప్పు పూర్తిగా నాదే. మేజోళ్ళు ప్రతిరోజూ తీసి, వేళ్ళ సందులతో సహా చూడండి.

ఒళ్ళు తుడిచే ముందు, మాట పడిపోయిన మనిషైనా సరే, ఏం చేయబోతున్నారో చెప్పి అప్పుడే చేయి వేయాలి. నీళ్ళ వేడిని మీ మోచేతితో పరీక్షించాలి, ఎందుకంటే పడిపోయిన వైపు స్పర్శ తగ్గి, కాలినా ఆయనకు తెలియకపోవచ్చు. తుడుస్తున్న భాగం తప్ప మిగతా ఒంటి మీద దుప్పటి ఉండాలి. ఆడవారికి మర్మావయవాల దగ్గర ముందు నుంచి వెనక్కు తుడవాలి. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేయి మొదట, విప్పేటప్పుడు చివర.

భోజనం దగ్గర తొందర పనికిరాదు. పక్షవాతంలో మింగే శక్తి కూడా తగ్గవచ్చు. అందువల్ల వీలైనంత నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, బాగున్న వైపు నుంచి చిన్న చెంచాతో పెట్టి, గుటక వేశాకే మరో చెంచా ఇవ్వాలి. పప్పన్నం మెత్తగా కలిపినా పోపులోని ఆవాలు, మిరపకాయ ముక్కలు, కరివేపాకు ఏరి తీయాలి, అవి గొంతులో అడ్డుపడతాయి. పలుచటి మంచినీళ్ళు, మజ్జిగ చిక్కటి రాగిజావ కంటే త్వరగా పొలమారతాయి కనుక ఎంత చిక్కదనం ఉండాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. తాగిన తర్వాత దగ్గినా, గొంతు గరగరలాడినా అక్కడితో ఆపాలి. చివరగా పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు మిగిలాయేమో చూసి, నోరు శుభ్రం చేసి, అరగంట పాటు కూర్చోబెట్టే ఉంచాలి.

మాత్రలు డాక్టరు చీటీలో ఉన్నట్టే ఇవ్వాలి. అడగకుండా నలిపి ఇవ్వకూడదు, ఎందుకంటే నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రను నలిపితే మందంతా ఒక్కసారిగా ఒంట్లో కలుస్తుంది. షుగర్ ఉన్నవారికి చెమటలు పట్టి, వణుకు వచ్చి, మాట తడబడితే వెంటనే గ్లూకోమీటరుతో చూడాలి. 70 కంటే తక్కువ ఉండి, మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల గ్లూకోజు ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ వేయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. మూతి కొత్తగా వంకరపోయినా, మాట అకస్మాత్తుగా ముద్దగా మారినా 108కి చెప్పడంలో క్షణం ఆలస్యం చేయకూడదు.

మూత్రానికి గొట్టం వేసి ఉంటే, దానికి తగిలించిన సంచి ఎప్పుడూ నడుము కంటే దిగువన వేలాడాలి గాని నేలకు తగలకూడదు. మధ్యాహ్నం ఫిజియోథెరపిస్టు నేర్పిన కదలికలు చేయించండి. ఆ సమయంలో బంధువులు వస్తే పెద్దాయన మంచం పక్కనే నిలబడి ఆయన రోగం గురించి మాట్లాడుకోనివ్వవద్దు. మాట పోయినంత మాత్రాన ఆయనకు అర్థం కావడం లేదని అనుకోవడం అన్యాయం.

రోజంతా ఒక నోటు పుస్తకంలో, జరిగింది జరిగినప్పుడే రాయాలి. "బాగానే ఉన్నారు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "సాయంత్రం 4: కుడి పక్కకు తిప్పాను. ఎడమ తుంటి మీద రూపాయి బిళ్ళంత ఎరుపు, నొక్కితే తెల్లబడింది. మజ్జిగ అర గ్లాసు, ఒకసారి దగ్గారు" అని రాయాలి. రాత్రి ఎనిమిదికి వచ్చినవారికి ఆ పేజీ చదివి వినిపించి, దుప్పటి తొలగించి ఆ ఎరుపును చూపించి, ఆరు గంటలకు ఏ పక్కకు తిప్పారో, ఇప్పుడు ఏ పక్కకు తిప్పాలో చెప్పి, ఆ ఒక్కసారి ఇద్దరూ కలిసి పక్క మార్చిన తర్వాతే బయలుదేరండి.