అతుకుల జీపు కొనేముందు: ఏ పార్టు ఏ బండిదో తేల్చుకోవడం ఎలా

పాత మహీంద్రా జీపు అమ్మకానికి ఉందని ఫొటో వస్తే అందులో కనిపించేది గ్రిల్లు, బానెట్టు, టైర్లు. మనం కొనేది మాత్రం వాటి కింద ఉన్నదాన్ని. ముప్పై నలభై ఏళ్లు తిరిగిన జీపు కంపెనీ నుంచి వచ్చినట్టే మిగలడం చాలా అరుదు. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక డీజిల్ ఇంజన్ ఎక్కించి ఉంటారు. గేర్‌బాక్స్ పగిలిన రోజు చేతికి దొరికింది బిగించి ఉంటారు. వెనక హౌసింగ్ (రెండు చక్రాల మధ్య ఇరుసులు, గేర్లు ఉండే గుల్ల) ఒక బండిది, ముందు హౌసింగ్ ఇంకో బండిది అయి ఉంటుంది. ఈ బండ్లు ఇన్నేళ్లు బతికింది ఇలాంటి అతుకుల వల్లే కాబట్టి అతుకు కనిపించగానే భయపడి వెనక్కి రానక్కర్లేదు. బిగించిన పార్టులకు ఒకదానితో ఒకటి పొంతన ఉందా, వాటికీ ఆర్‌సీకీ పొంతన ఉందా అన్నది మాత్రం డబ్బు చేతులు మారకముందే తేలాలి.

చూడటానికి వెళ్లేటప్పుడు వెంట ఉండాల్సినవి: 5 మీటర్ల టేపు, జాకీ, గట్టి కర్ర దిమ్మలు ఐదు, చాక్‌పీసు, టార్చి, వైర్ బ్రష్, డీజిల్‌లో తడిపిన గుడ్డ, చిన్న అయస్కాంతం, మల్టీమీటర్, ఒక నోట్‌బుక్. ఇంజన్ చల్లగా ఉండగానే చూస్తామని, మేము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్లో చెప్పండి.

ముందు కాగితాలు, తర్వాతే బానెట్టు

ఆర్‌సీలో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఇంధనం, సీట్లు రాసి ఉంటాయి. ఛాసిస్ నంబరును రేకు ప్లేటు మీద చూసి సరిపెట్టుకోవద్దు, ప్లేటు ఎవరైనా మార్చగలరు. ఛాసిస్ రైలు మీద కొట్టిన నంబరును వైర్ బ్రష్‌తో రుద్ది, డీజిల్ గుడ్డతో తుడిచి, పలచటి కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీయండి. అంకెల లోతు ఒకేలా ఉండాలి. నంబరు చుట్టూ గ్రైండర్ గీతలున్నా, ఆ ముక్క వరకే వెల్డింగ్ కనిపించినా, మిగతా ఛాసిస్ తుప్పుతో ఉండి అక్కడ ఒక్కచోటే కొత్త పెయింట్ ఉన్నా బేరం అక్కడితో ఆపేయండి. అది దొంగబండి కావచ్చు. కాకపోయినా నంబరు సరిగ్గా లేని బండికి ట్రాన్స్‌ఫర్ జరగదు.

అతుకుల జీపుల్లో ఎక్కువగా కనిపించే చిక్కు మరొకటి. ఆర్‌సీలో పెట్రోల్ అని ఉంటుంది, బానెట్టు కింద డీజిల్ ఇంజన్ ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే ఖాయం చేసింది. ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ముందుగా తీసుకుని, మార్చాక ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. "తర్వాత ఎండార్స్ చేయించుకోవచ్చు సార్" అనే మాటను నమ్మి డబ్బు కట్టొద్దు. చేయించి ఇస్తేనే కొంటామని చెప్పండి. ఇంజన్ నంబరు కలవని బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర మెలిక పడుతుంది. అప్పుడు ఇబ్బంది పడేది మీరే.

ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు అయిపోతుంది. తర్వాత ఫిట్‌నెస్ చూసి 5 ఏళ్లకోసారి పొడిగిస్తారు. పొడిగింపు ఎప్పటిదాకా ఉందో, ఫైనాన్స్ తీరిందో లేదో, గ్రీన్ టాక్స్, చలాన్లు బకాయి ఉన్నాయో చూసుకోండి. బండి మీ పేరు మీదికి మారాలంటే అమ్మేవారి సంతకాలతో ఫారం 29, 30 కావాలి. బండి వేరే రాష్ట్రానిదైతే ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కూడా కావాలి. మన దగ్గర దీనికి ఇంకో ముడి ఉంది. 2014 జూన్‌కు ముందు రిజిస్టరైన తెలంగాణ బండ్ల మీద కూడా ఏపీ అక్షరాలే ఉంటాయి. ఏపీ 20 ఖమ్మం, ఏపీ 36 వరంగల్, ఏపీ 09 హైదరాబాద్. నంబరు ఏపీదే కదా అని విజయవాడలో కొంటే, రికార్డు ఖమ్మంలో ఉండి ఎన్‌ఓసీ కోసం అక్కడికి వెళ్లాల్సి వస్తుంది. మిలిటరీ వేలంలో వచ్చిన జీపు అంటే వేలం పత్రాలు అసలువే అడగండి. జిరాక్సులతో సివిల్ రిజిస్ట్రేషన్ అవుతుందని అనుకోవద్దు.

కింద ఉన్న ఇంజన్ ఏది?

అమ్మేవారు చెప్పే పేరు ఒకటి, ఉండే ఇంజన్ మరొకటి కావడం మామూలే. పాత సీజే3బీ మోడల్ జీపు పెట్రోలు ఇంజన్ 2.2 లీటర్ల హరికేన్. దాని ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. మనవాళ్లు ప్యూజో అని పిలిచే డీజిల్ ఇంజన్ ఎక్స్‌డీపీ 4.90 అంటే నాలుగు సిలిండర్లు, 90 ఎంఎం బోరు, 2112 సీసీ. దాని తర్వాతి ఎక్స్‌డీ3పీ 2498 సీసీ. డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్) అనేది 2523 సీసీ, 88.9 ఎంఎం బోరు, 101.6 ఎంఎం స్ట్రోకు. ఈ అంకెలు తెలిసి ఉండాలి, ఎందుకంటే పిస్టన్లు, లైనర్లు, హెడ్ గ్యాస్కెట్ అన్నీ వీటిని బట్టే కొంటాం. ఇంజన్ ఏదో తేలకుండా సామాను ఖర్చు లెక్క వేయలేం.

చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేయించండి. ఆయిల్ పోసే మూతను తిరగేసి రంధ్రం మీద ఊరికే పెట్టండి. కాస్త వణికితే పర్వాలేదు, ఎగిరి పడుతుంటే బ్యాక్ కంప్రెషన్ (పిస్టన్ పక్కనుంచి గ్యాసు కిందికి దిగడం) ఉన్నట్టే, రింగులు గానీ లైనర్లు గానీ పోయాయి. స్టార్ట్ చేయకముందే రేడియేటర్ మూత తీసి ఉంచి, ఇంజన్ తిరుగుతుండగా నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా చూడండి. వస్తుంటే హెడ్ గ్యాస్కెట్టో హెడ్డో పోయింది. పెట్రోలు జీపు రేడియేటర్‌తోనే డీజిల్ ఇంజన్ నడుపుతుంటే ఘాట్ రోడ్డులో హీటెక్కుతుంది. అందుకే ఐదు నిమిషాల ట్రయల్‌తో సరిపెట్టకుండా కనీసం అరగంట తిప్పండి.

అన్నిటికంటే ముఖ్యం: ముందు వెనక క్రౌన్ లెక్క

ఫోర్ వీల్ జీపులో చాలామంది చూడనిది, చివరికి అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టించేది ఇదే. ముందు హౌసింగ్‌లోనూ వెనక హౌసింగ్‌లోనూ క్రౌన్-పీనియన్ రేషియో, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్టు తిరిగే చుట్లు, ఒకటే ఉండాలి. పళ్ల లెక్కన 43కు 8 అయితే 5.38, 39కి 8 అయితే 4.88, 47కు 11 అయితే 4.27, 41కి 11 అయితే 3.73. ఏదో ఒక రోజు వెనక హౌసింగ్ పోయి వేరే బండిది తెచ్చి పెట్టి ఉంటే ముందు 5.38, వెనక 4.88 అవుతుంది. టూ వీల్‌లో ఏ తేడా తెలియదు. ఫోర్ వీల్ వేయగానే ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్స్ శక్తిని ముందుకూ వెనక్కీ పంచే పెట్టె) ముందు, వెనక హౌసింగ్‌లకు వెళ్లే రెండు జాయింట్ షాఫ్టులనూ ఒకే వేగంతో తిప్పుతుంది. దానికి మధ్యలో డిఫరెన్షియల్ (రెండు వైపులూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు కాబట్టి 10 శాతం తేడాను టైర్లే భరించాలి. వంద మీటర్లు నడిస్తే ఏదో ఒక జత టైర్లు పది మీటర్ల మేర జారాలన్నమాట. బురదలో జారిపోతాయి, తారు మీద జారలేవు. లివర్ ఇరుక్కుపోతుంది, క్రాస్ జాయింట్లు విరుగుతాయి, ట్రాన్స్‌ఫర్ గేర్లు పళ్లు రాలుస్తాయి.

హౌసింగ్ విప్పకుండానే దీన్ని లెక్కపెట్టవచ్చు. చదును నేల మీద బండి నిలిపి ముందు టైర్లకు రెండువైపులా దిమ్మలు పెట్టండి. గేరు న్యూట్రల్, ట్రాన్స్‌ఫర్ న్యూట్రల్. హ్యాండ్ బ్రేకు వదలాలి: పాత జీపుల్లో అది చక్రాల మీద కాకుండా ట్రాన్స్‌ఫర్ వెనకున్న డ్రమ్ము మీద పడుతుంది, వదలకపోతే షాఫ్టు తిరగదు. ఒక వెనక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపి, హౌసింగ్ కింద దిమ్మ పెట్టండి. జాకీని నమ్మి బండి కింద దూరొద్దు. టైరు మీద, జాయింట్ షాఫ్టు మీద చాక్‌పీసుతో గీత గీయండి. ఒకరు చక్రాన్ని మెల్లగా 20 చుట్లు తిప్పాలి, ఇంకొకరు పక్కనుంచి షాఫ్టు చుట్లు లెక్కపెట్టాలి. రెండో చక్రం నేల మీద కదలకుండా ఉంది కాబట్టి 20 చుట్లకు వచ్చే లెక్క రేషియోకు పది రెట్లు. 54కు కాస్త తక్కువ వస్తే 5.38. 49కి కాస్త తక్కువైతే 4.88. 43కు కాస్త తక్కువైతే 4.27. 37 దాటితే 3.73. ఒక చుట్టుతోనో రెండు చుట్లతోనో చూస్తే పొరపాటు పడతాం, అందుకే 20.

తర్వాత వెనక టైర్లకు దిమ్మలు మార్చి, ఫోర్ వీల్ తీసేసి ఉంచి, ముందు చక్రానికీ ఇలాగే చేయండి. ఫ్రీ వీల్ హబ్‌లు (ముందు చక్రాన్ని ఇరుసు నుంచి విడదీసేవి) ఉంటే లాక్ చేయాలి, లేకపోతే చక్రం ఉత్తినే తిరిగి షాఫ్టు కదలదు. న్యూట్రల్‌లో ఉండి, బ్రేకు పట్టకుండానే లేపిన చక్రం అసలు తిరగకపోతే డిఫరెన్షియల్‌ను వెల్డింగ్ చేసి ఉంటారు. అలాంటి బండి ముందుకు పోతుంది కానీ మలుపులో మొండికేస్తుంది.

రెండు లెక్కలు కలిసినా టైర్లు ముందొక సైజు, వెనకొక సైజు ఉంటే మళ్లీ అదే గొడవ. టేపుతో నాలుగు టైర్ల చుట్టుకొలత కొలవండి.

వేగం లెక్క కూడా ఇక్కడే తేలిపోతుంది. 6.00-16 టైరు ఒక చుట్టుకు సుమారు 2.25 మీటర్లు పోతుంది. డీజిల్ ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ టాప్ గేరు డైరెక్ట్ (ఇంజన్, షాఫ్టు ఒకే వేగం) అయితే, 5.38తో గంటకు 75 కిలోమీటర్లు, 4.88తో 83, 4.27తో 95. పెట్రోలు జీపు 5.38 హౌసింగ్‌లు అలాగే ఉంచి డీజిల్ ఎక్కించిన బండి పొలానికి, కొండకు బాగుంటుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద ఆ బండితో వెళ్తే ఇంజన్ అరుస్తూనే ఉంటుంది. అరకు, మారేడుమిల్లి దారులకే అయితే 5.38 మంచిదే. రెండూ ఒకే బండితో కావాలంటే 4.88 మధ్యస్తంగా ఉంటుంది.

ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య

ఇంజన్ ఒకటి, గేర్‌బాక్స్ మరొకటి అయినప్పుడు మధ్యలో రెండిటినీ కలిపే అడాప్టర్ ప్లేటు ఉంటుంది. లేత్ మీద సరిగ్గా సెంటరింగ్ చేసిన ప్లేటు అయితే బాధ లేదు. గ్యాస్ కట్టర్‌తో కోసి రంధ్రాలు ఊహించి వేసినదైతే ఇన్‌పుట్ షాఫ్టు వంకరగా కూర్చుని దాని కొసను పట్టే పైలట్ బేరింగ్‌ను తినేస్తుంది. గుర్తులు: క్లచ్ వదిలేటప్పుడు బండంతా వణకడం, టాప్ గేరు దానంతట అదే బయటికి రావడం, బెల్ హౌసింగ్ (క్లచ్ మీది గుల్ల) దగ్గర వాషర్లు కుక్కి బోల్టులు బిగించి ఉండటం. ప్లేటు మందం వల్ల గేర్‌బాక్స్ వెనక్కి జరుగుతుంది, అప్పుడు వెనక జాయింట్ షాఫ్టు పొట్టి చేయాలి. కోసి వెల్డ్ చేసిన షాఫ్టు రెండు చివర్ల యోక్‌లు (క్రాస్ జాయింట్‌ను పట్టే చీలికలు) ఒకే వరసలో ఉన్నాయా చూడండి. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా ఉంటే వేగం పెరిగేకొద్దీ వణుకు పెరుగుతుంది. ట్రాన్స్‌ఫర్ నుంచి హౌసింగ్‌కు షాఫ్టు పక్కకు బాగా వాలి ఉంటే ఆ హౌసింగ్ ఆ బండిది కాదు.

ఛాసిస్, కమాన్లు, స్టీరింగ్, బ్రేకులు

ఛాసిస్‌ను ఐమూలగా కొలవాలి. ముందు ఎడమ కమాను (పట్టీల స్ప్రింగు) బ్రాకెట్ బోల్టు నుంచి వెనక కుడి బ్రాకెట్ బోల్టుకు, తర్వాత అటుది ఇటుకు. 6 ఎంఎం మించి తేడా ఉంటే ఛాసిస్ ఎప్పుడో వంగింది. చక్రం సెంటరు నుంచి సెంటరుకు రెండు పక్కలా కొలవండి. సీజే3బీకి ఇది 80 అంగుళాలు, అంటే 2032 ఎంఎం. పొడవు ఎక్కువ ఉంటే ఛాసిస్ అతికారు, అతుకు ఎక్కడుందో వెతకండి. అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి టబ్బు (బండి రేకు బాడీ) మీద నడిపితే పుట్టీ ఎక్కడుందో చెప్పేస్తుంది. టబ్బు కుళ్లితే కొత్తది కట్టించవచ్చు, విజయవాడ ఆటోనగర్‌లో ఆ పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. ఛాసిస్ కుళ్లితే మాత్రం వదిలేయండి.

డీజిల్ ఇంజన్ బరువెక్కువ. పెట్రోలు కమాన్లు అలాగే ఉంటే ముక్కు కిందికి దిగుతుంది. ఎడమ, కుడి కట్టల్లో పట్టీలు లెక్కపెట్టండి, సమానంగా ఉండాలి. చక్రాన్ని లేపి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపితే ఆట ఉందంటే కింగ్ పిన్ బేరింగులు గానీ వీల్ బేరింగులు గానీ పోయాయి. స్టీరింగ్‌లో రెండు అంగుళాలు మించి ఖాళీ ఉంటే బాక్స్‌కు పని ఉంది.

బ్రేకుల్లో ఒకే యాక్సిల్ మీద రెండు డ్రమ్ములు, రెండు వీల్ సిలిండర్లు ఒకే సైజు కావాలి. వేర్వేరు బండ్లవి అయితే బ్రేకు కొట్టగానే బండి ఒక పక్కకు లాగుతుంది. 9 అంగుళాల పాత డ్రమ్ములతో బరువైన ఇంజన్‌ను ఘాట్ దించడం ప్రమాదం. పెద్ద డ్రమ్ముల ఖర్చు లెక్కలో వేసుకోండి. వైరింగ్‌లో చూడాల్సింది కొంచెమే. మిలిటరీ బండ్లు 24 వోల్టులవి, మిగతావి 12. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 12 వోల్టుల బండికి 13.8 నుంచి 14.4 రావాలి. సెల్ఫ్ 24ది, లైట్లు 12వి అయిన బండికి వైరింగ్ మొత్తం మార్చాలని రాసుకోండి.

బేరానికి ముందు నోట్‌బుక్కు

ఒక్కో పార్టుకు ఒక్కో వరస: ఇంజన్, క్లచ్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్, ముందు హౌసింగ్, వెనక హౌసింగ్, స్టీరింగ్ బాక్స్, బ్రేకులు, రేడియేటర్. ఎదురుగా అది ఏ బండిదో, కొలత ఎంతో, మార్చాలంటే ఏం కావాలో రాయండి. ఏ బండిదో చెప్పలేని పార్టును లేనట్టే లెక్కేయండి, ఎందుకంటే దాని సామాను దుకాణంలో ఏ పేరు చెప్పి అడగాలో తెలియదు. మెకానిక్‌తో ఆ వరసలకు ధర కట్టించి, మొత్తాన్ని మంచి కండిషన్‌లో ఉన్న జీపు ధరలోంచి తీసేస్తే మీరు ఇవ్వదగ్గ రేటు వస్తుంది. క్రౌన్ లెక్క కలవకపోతే ఒక హౌసింగ్ ధర పూర్తిగా తగ్గించమనండి. ఛాసిస్ నంబరు, ఆర్‌సీ లోపాలకు రేటు తగ్గింపు అడగొద్దు, అవి తగ్గింపుతో తీరేవి కావు.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఇంకొక్కటి అడగండి: విప్పిన పాత ఇంజన్ ఎక్కడుంది? చాలా ఇళ్లలో అది పశువుల పాకలోనో షెడ్డు మూలనో గోనెసంచి కింద పడి ఉంటుంది. బ్లాకు మీద నంబరు తుడిచి ఆర్‌సీతో పోల్చండి. కలిస్తే, పగిలిపోయి ఉన్నా సరే, దాన్ని బండితో పాటు తూకం రేటుకైనా కొని తెచ్చుకోండి. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ అదే, కాగితాలకు సరిపోయేలా బండిని తిరిగి నిలబెట్టాలంటే రీబోర్ చేయించి బిగించాల్సింది ఆ బ్లాకునే.