స్పర్శ–నొప్పి పాఠాలు 5: కాలివేళ్లలో స్పర్శ తగ్గిందేమో ఇంట్లోనే చూడటం

చర్మంలో స్పర్శను, నొప్పిని పసిగట్టే గ్రాహకాల సంగతి గత పాఠంలో అయిపోయింది. వాటి వార్తను మోసే నరాల తంతువుల దగ్గరికి వద్దాం. కాలు గడపకు కొట్టుకుంటే ముందు తగిలినట్టు తెలుస్తుంది, వెంటనే చురుక్కుమంటుంది, ఇంచుమించు సెకను గడిచాక సలుపు మొదలవుతుంది. తగిలినట్టు చెప్పేవి ఎ-బీటా తంతువులు. వాటి మీద మయలిన్ అనే కొవ్వు తొడుగు మందం, వేగం సెకనుకు 35–75 మీటర్లు. చురుకు నొప్పిని తెచ్చే ఎ-డెల్టా వేగం 5–30 మీటర్లు. సలుపును, మంటను తెచ్చే సి తంతువులకు తొడుగే లేదు, వేగం 0.5–2 మీటర్లే.

బొటనవేలి కొసకు వచ్చే తంతువు పొడవు సుమారు ఒక మీటరు. దాని కణదేహం (కేంద్రకం ఉండే భాగం) మాత్రం నడుము దగ్గర, వెన్నుపాము పక్కన ఉంటుంది. తంతువుకు కావలసిన ప్రొటీన్లు ఎక్కువగా అక్కడే తయారై కిందిదాకా రావాలి. అందుకే షుగరు నరాలను దెబ్బతీసేటప్పుడు ముందు పొడవైనవాటి కొసలు పోతాయి. తిమ్మిరి కాలివేళ్లలో మొదలై మోకాళ్ల దాకా పాకేసరికి చేతివేళ్లలోనూ కనిపిస్తుంది. షుగరు ఉన్నవాళ్లు ‘నొప్పి లేదు కాబట్టి కాలు బాగానే ఉంది’ అనుకోవడమే అన్నిటికన్నా ప్రమాదం. నొప్పి తెలియజేయాల్సిన తంతువే పోయి ఉండవచ్చు. కాబట్టి మనమే అడిగి తెలుసుకోవాలి.

ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ వైద్యులు రూపొందించిన పరీక్షకు మీ చూపుడువేలు చాలు. షుగరు ఉన్న మనిషిని మేజోళ్లు తీయించి మంచం మీద పడుకోబెట్టండి. ముందుగా రెండు కాళ్లనూ గట్టిగా తాకి ఏది కుడో ఏది ఎడమో ఖాయం చేసుకోండి. ఆ తర్వాత కళ్లు మూసుకుని, తాకినట్టు తెలిసినప్పుడల్లా ‘కుడి’ లేదా ‘ఎడమ’ అనమనండి. వేలి కొసను ఈకంత తేలిగ్గా 1–2 సెకన్లు ఆనించాలి. వరుస ఇది: కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, కుడి నడిమివేలు, ఎడమ నడిమివేలు. జవాబును ఎప్పటికప్పుడు రాసుకోండి.

తప్పులు జరిగేది ఎక్కువగా తాకడంలోనే. నొక్కితే లోపలి కణజాలంలోని గ్రాహకాలు, కీలు కదిలితే కీలు గ్రాహకాలు కూడా వార్త పంపుతాయి. పైచర్మం మొద్దుబారినా ‘తెలిసింది’ అంటారు. తట్టడం, గీరడం, గుచ్చడం కూడా వద్దు. తెలియని వేలిని రెండోసారి తాకకండి, ఎందుకంటే అప్పుడు వచ్చేది ఊహ. ‘ఇప్పుడు తెలిసిందా?’ అని అడిగినా అంతే, ఆ ప్రశ్నే జవాబు అందిస్తుంది.

ఆరింటిలో రెండు లేదా అంతకు మించి తెలియకపోతే స్పర్శ తగ్గిందని భావించి డాక్టరుకు చూపించండి. అక్కడ 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో, అంటే 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగుతో, అరికాలును పరీక్షిస్తారు. అప్పటినుంచి ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవకూడదు. వేసవిలో గుడి ఆవరణలోని కాలే బండలు మరీ ప్రమాదం. స్నానపు నీటి వేడిని కాలితో కాక మోచేతితో చూడాలి. అరికాళ్లను రోజూ అద్దంలో చూసుకోవాలి.

ఆరూ తెలిసినంత మాత్రాన నరాలన్నీ భేషని కాదు. ఈ పరీక్ష అడిగేది ముఖ్యంగా ఎ-బీటా తంతువులనే. రాత్రుళ్లు అరికాళ్లు మండుతుంటే సన్నని సి తంతువులు దెబ్బతిని ఉండవచ్చు, ఆ సంగతి ఈ తాకిడి చెప్పదు. మంట ఉంటే ఫలితం ఎలా ఉన్నా డాక్టరుకు చెప్పండి. 128 హెర్ట్జ్ శృతిదండంతో (కొడితే సెకనుకు 128 సార్లు కంపించే లోహపు కవ, ట్యూనింగ్ ఫోర్క్) కంపన స్పర్శను చూడటం 6వ పాఠంలో.