మేడ మీద సోలార్ పెట్టేముందు ఒక చాక్‌పీసు కొనండి

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మాది పన్నెండు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఎండలు ముదిరేకొద్దీ నీళ్ల మోటారు ఆగదు, కామన్ మీటరు బిల్లూ ఆగదు. అసోసియేషన్ సెక్రటరీని కాబట్టి తిట్లు నాకు. అందుకే సోలార్ పెట్టించాం. మీకూ ఆ ఆలోచన ఉంటే, మేం దెబ్బతిన్న చోట్లు చెబుతాను.

ముందు చాక్‌పీసు పట్టుకుని మేడెక్కండి. ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, 3కి వాటర్ ట్యాంకు నీడ ఎక్కడిదాకా వస్తోందో గీయండి. ఇది డిసెంబరులో చెయ్యాలి. మేం మే నెలలో చూశాం. సూర్యుడు నెత్తిమీద ఉన్నాడు, నీడే లేదు. సంక్రాంతి నెలపట్టేసరికి రెండు ప్యానెళ్లు ట్యాంకు నీడలో! ఒక్కదాని మీద నీడ పడినా ఆ వరుసంతా నీరసిస్తుంది. కిలోవాట్‌కి దాదాపు 100 చదరపు అడుగులు కావాలి, ఎండ బాగుంటే రోజుకు 4 యూనిట్లు వస్తాయి.

మేడ అందరిదీ. మీటింగ్ పెట్టి, తీర్మానం రాసి, సంతకాలు తీసుకోండి. "మరి వడియాలెక్కడ పెట్టుకోవాలమ్మా?" అని మూడో అంతస్తు మామ్మగారు అడిగారు. న్యాయమే. తూర్పు పిట్టగోడ పక్కన చోటు వదిలాకే సంతకం పెట్టారు.

మేడ మీది సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో అసోసియేషన్ల కామన్ అవసరాలకు కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. కామన్ మీటరు ఎవరి పేరున ఉందో ముందే చూసుకోండి. మాది ఇంకా బిల్డరు పేరునే ఉంది, మార్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక అసలు శత్రువు ఉప్పుగాలి. మాకు పెయింటు వేసిన మామూలు ఇనుప స్టాండు అంటగట్టారు. రెండో వానాకాలానికే బోల్టుల చుట్టూ ఎర్రటి చారలు. స్పానర్ పెట్టి తిప్పితే బోల్టు తల ఊడి చేతికొచ్చింది. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసిన) స్టాండు, 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు అని కొటేషన్‌లోనే రాయించండి. ఎంత గాలికి తట్టుకుంటుందో కూడా రాసివ్వాలి. 2014 హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే వీధి కరెంటు లైనుకు కలిపినది, కరెంటు పోగానే ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా. తుఫానులో అక్కరకొస్తుందని ఆశపడకండి. మెట్ల లైట్లకు, ఫోన్ ఛార్జింగ్‌కు మేం చిన్న బ్యాటరీ ఇన్వర్టర్ విడిగా పెట్టుకున్నాం.

పెట్టాక, ప్యానెల్ మీద వేలితో రుద్ది చూడండి. జిగటగా తెల్లటి పొర అంటుకుంటే కడగాల్సిందే. ఎండ ఎక్కకముందు, మంచినీళ్లతో, మెత్తటి గుడ్డతో. ఎండకు కాలిన ప్యానెల్ అద్దం మీద చన్నీళ్లు పొయ్యకండి.