తాతల నాటి వేట రైఫిల్: మార్పులు చేయించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా? ఎలా తేల్చుకోవాలి

బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, మందస వైపు పాత ఇళ్లలో ఇప్పటికీ ఎక్కడో ఒక వేట రైఫిల్ ఉంటుంది. తాతగారి పేరు మీద లైసెన్సు, ఆయన తర్వాత నాన్నగారి పేరు మీద, ఇప్పుడు వంతు మీది. తుపాకీ ఇంటికొచ్చిన రోజే చిన్నాన్న కొడుకు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "దీనికో టెలిస్కోపు ఎట్టించీద్దుమేటి?" అంటాడు. ఇంకొకరు కర్ర (భుజానికి ఆనే చెక్క భాగం) మార్చేసి ఇనుముకి కొత్త నలుపు వేయిస్తే షోరూమ్ ముక్కలా ఉంటుందంటారు. నా మాట ముందే చెప్పేస్తున్నాను: వెనక్కి తీసుకోగలిగిన మార్పయితే ఆలోచించండి, తీసుకోలేనిదయితే చెయ్యొద్దు. అది తేల్చుకోవడానికి ఒక వరుస ఉంది.

1. ముందు కాగితం, తర్వాతే తుపాకీ

లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది, గడువు ఎప్పటిదాకా ఉంది? లైసెన్సుదారు చనిపోతే తుపాకీ ఇంట్లో పెట్టుకుని కూర్చోవడానికి లేదు. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి, వారసుడు తన పేరు మీద లైసెన్సుకి కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. దినకార్యాల హడావుడిలో ఇది ఎవరికీ గుర్తుండదు, తుపాకీ బీరువా మీదే ఉండిపోతుంది, టెన్షన్ మొదలయ్యేది అక్కడే. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మామూలు మనిషికి రెండు తుపాకులే పరిమితి, వారసత్వంగా వచ్చినా అంతే. కాబట్టి ఇప్పటికే రెండుంటే మార్పుల సంగతి పక్కనబెట్టి, ఏది వదులుకోవాలో ముందు చూసుకోండి.

2. అది ఏ రైఫిలో చదవండి

చదివే ముందు మేగజైన్ (తూటాల డబ్బా) తీసేయండి, బోల్టు (పిడి పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపే ఇనుప కడ్డీ) పూర్తిగా వెనక్కి లాగండి, బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట తూటా లేదని కంటితో చూసి చిటికెన వేలితో తడిమి కూడా నిర్ధారించుకోండి. "ఎప్పుడో ఖాళీ చేశాం" అన్న మాట నమ్మకండి.

ఇప్పుడు మెత్తటి గుడ్డతో బ్యారెల్ మొదలు తుడిచి, భూతద్దం పెట్టి చూడండి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది .315, అంటే 8 మిల్లీమీటర్లది. బర్మింగ్‌హామ్‌లో బీఎస్ఏ కంపెనీ చేసినవి పాతవి, మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసినవి తర్వాతివి. బ్రిటిష్ వాళ్లు తమ సైన్యం వాడే .303 తూటా సామాన్య జనం చేతికి పోకూడదనుకున్నారు, దేశంలో .315 ఇంతగా పాతుకుపోవడానికి కారణం అదే. ఈ రోజుకీ .303 ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు లైసెన్సుకి ఇవ్వని, నిషేధించిన రకం) కిందికే వస్తుంది, దాని లైసెన్సు కేంద్ర హోం శాఖ దాకా వెళ్లే వ్యవహారం. మీ తుపాకీ మీద .303 అని కనిపించిందా, ఇక ఏ మార్పూ ఆలోచించకుండా లైసెన్సు కాగితంలో ఏం రాసుందో చూసుకోండి. ఇక .375 లాంటి పాత ఇంగ్లిష్ పెద్ద రైఫిల్ అయితే తూటాలు దొరకడమే గగనం. .315కి మాత్రం దేశంలో తయారైన తూటాలున్నాయి.

బ్యారెల్ మీద కిరీటం గుర్తులు, కంపెనీ పేరు, నంబరు, అన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి. బోల్టు పిడి మొదట్లో కూడా నంబరు ఉండొచ్చు. అది బాడీ (బోల్టు కూర్చునే ఇనుప భాగం) మీది నంబరుతో కలిస్తే రెండూ పుట్టినప్పటి నుంచీ జంటే అని అర్థం. కలవకపోతే ఎప్పుడో బోల్టు మారింది, అలాంటప్పుడు డీలరు గేజ్ (కొలత చూసే పనిముట్టు) పెట్టి చూసేదాకా పేల్చకండి.

3. ఉప్పుగాలి ఎంత తిన్నదో చూడండి

భీమిలి నుంచి బారువ దాకా సముద్రం పక్కనున్న ఇళ్లలో ఇనుము సంగతి మీకు చెప్పక్కర్లేదు, కిటికీ గడియలే ఏడాదిలో పొరలు పొరలుగా రాలతాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఇంట్లోకి నీళ్లొచ్చిన వాళ్లయితే ఈ పరీక్ష ఇంకా శ్రద్ధగా చేయాలి.

బోల్టు పూర్తిగా బయటికి తీసి, అది ఉండే చోట తెల్లకాగితం వాల్చి పెట్టి, వెలుగు దాని మీద పడేలా చేసి, మూతి వైపు నుంచి లోపలికి చూడండి. మెలికలు తిరిగిన గాడుల అంచులు పదునుగా మెరుస్తుంటే సగం దిగులు తీరినట్టే. అక్కడక్కడా నల్లటి చుక్కలుంటే అవి తుప్పు తిన్న గుంటలు. పాత తూటాల అడుగున టోపీలో (ప్రైమర్) ఉండే మందు కూడా వీటికి కారణం, పేల్చిన రోజే శుభ్రం చేయకపోతే లోపల ఉప్పు మిగిలిపోయి తింటుంది. చుక్కలు పరవాలేదు. కానీ లోపల ఉంగరంలా గుండ్రటి నీడ ఒకటి కనిపిస్తే బ్యారెల్ అక్కడ ఉబ్బిందన్నమాట, బయట నుంచి వేళ్లు జరిపితే కూడా ఒక్కోసారి తెలుస్తుంది. అలాంటి దానికి ఎంత డబ్బు పోసినా పేల్చడానికి పనికిరాదు. ఇంటి జ్ఞాపకంగా ఉంచుకోవాలంటే మాత్రం లైసెన్సు కింద నిరభ్యంతరంగా ఉంచుకోవచ్చు.

కర్ర ఇనుములోకి దిగే చోట సన్నటి పగులు ఉందేమో చూడండి. స్క్రూల తలల మీది గాడులు చితికిపోయి ఉంటే ఇంతకుముందే ఎవరో సరిపడని స్క్రూడ్రైవర్‌తో కెలికారు, లోపల ఇంకేం చేశారో అనుమానించాల్సిందే.

4. మార్చి ఏం చేస్తారు?

చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట ముగిసిన కథ. చేను మీద పడే అడవి పందిని కొట్టడానికైనా అటవీ శాఖ అనుమతి లేకుండా వీల్లేదు, "మా చేనే కదా" అంటే కుదరదు. కాబట్టి దూరపు చూపు టెలిస్కోపు ఎవరి మీద పెడతారు? రేంజ్‌లో టార్గెట్ షూటింగ్ నేర్చుకోవాలనుంటే దానికి వేరే తుపాకులున్నాయి. భుజం మీద పెట్టి సరిగ్గా పట్టుకోలేకపోవడం, దెబ్బకి భుజం నొప్పి పుట్టడం లాంటి నిజమైన కారణముంటేనే మార్పు గురించి మాట్లాడుకుందాం.

5. మార్పుల్ని విడదీయండి

భుజానికి ఆనే చోట తొడిగే రబ్బరు ప్యాడ్, కొత్త బెల్టు, పాత కర్ర దాచిపెట్టి దాని చోట వేరే కర్ర: ఇవి చేయించుకోండి, రేపు విప్పేయొచ్చు. ఎండిపోయిన కర్రకి ఉడికించిన అవిసె నూనె వేలితో పల్చగా రుద్ది ఆరనిస్తే రంగు తేలుతుంది. వార్నిష్ జోలికి పోకండి.

బాడీకి రంధ్రాలు తొలిచి టెలిస్కోపు బిగించడం, కర్ర కోసి పొట్టి చేయడం, బఫ్ కొట్టి (మిషను మీద రుద్ది మెరుగు పెట్టి) కొత్త నలుపు వేయించడం, ఇవి ఒకసారి చేస్తే అంతే. బఫ్ కొడితే అక్షరాల అంచులు కరిగిపోతాయి, పాత తుపాకీలో ఎవరైనా ముందు చూసేది ఆ అక్షరాలే. పైగా నంబరు చెరిగితే అందం పోవడంతో ఆగదు, గుర్తింపు గుర్తులు చెరపడం ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నేరం. బ్యారెల్ పొట్టి చేయడం, ఒక రకం తుపాకీని ఇంకో రకంగా మార్చడం 6వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా నిషేధం, దొరికితే కనీస శిక్షే 7 ఏళ్లు. విడిగా బ్యారెల్ కొనుక్కోవడం కూడా, చట్టం లెక్కలో తుపాకీ కొన్నట్టే.

6. ఎవరి చేత

ఊళ్లో లేతు పని బాగా వచ్చినవాడున్నాడని ఇచ్చేయకండి. తుపాకీ బాగు చేయడానికి కూడా లైసెన్సు కావాలి, లేకపోతే చేసినవాడికీ చేయించినవాడికీ కేసే. లైసెన్సున్న డీలరు దగ్గరికి తూటాలు లేకుండా, లైసెన్సు వెంటబెట్టుకుని తీసుకెళ్లండి. ఇచ్చే ముందు అన్ని వైపులా ఫొటోలు తీసుకోండి, ఏం చేస్తారో, ఎంతవుతుందో రాయించుకోండి. తీసేసిన ప్రతి ముక్కా, పాత స్క్రూతో సహా, తిరిగి ఇమ్మని చెప్పండి. "ఇదెందుకు సార్, తుక్కు" అంటారు. తుక్కయినా ఇమ్మనండి.

7. ఉంచాలనుకుంటే ఇలా ఉంచండి

కొబ్బరినూనె రాయకండి, కొన్నాళ్లకి జిగురవుతుంది. పల్చటి గన్ ఆయిల్ చాలు. తోలు కవర్లో దాచకండి, తోలు తేమ పట్టి ఉంచి ఇనుముని తినేస్తుంది. కవరు ప్రయాణానికే. తాళం వేసిన బీరువాలో, తూటాలు వేరే తాళం కింద ఉండాలి.

ఎన్నికలొచ్చినప్పుడు డిపాజిట్ చేయమంటే, రసీదు మీద నంబరు, కర్ర మీదున్న గీతలు, బెల్టు ఉందో లేదో అన్నీ రాయించుకుని ఇవ్వండి, ఇచ్చే ముందు లోపలా బయటా నూనె పట్టించండి, ఎందుకంటే అది అక్కడ నెలల తరబడి ఉండొచ్చు. తిరిగొచ్చిన రోజే బోల్టు తీసి, ఆ తెల్లకాగితం పరీక్ష మళ్లీ చేయండి.