చెరువు నీటిలో ఆక్సిజన్ సరిగ్గా కొలవడం ఎలా?

మురుగు కలిసే చెరువును పరీక్షించడానికి మిట్టమధ్యాహ్నం వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మురుగులోని నత్రజని, భాస్వరం తిని పెరిగిన నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది కాబట్టి లీటరుకు 10, 12 మిల్లీగ్రాములు కూడా వస్తుంది, వాళ్ళేమో నీళ్ళు బాగున్నాయని రాసుకుని వచ్చేస్తారు. అదే నాచు రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, మురుగును కుళ్ళబెట్టే బ్యాక్టీరియా కూడా పీల్చుకుంటుంది, తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అందుకే సూర్యోదయానికి ముందే వెళ్ళాలి.

ఆక్వా మందుల షాపులో డీఓ కిట్ (నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) అడగండి, ఇస్తారు. గ్లవ్స్, ఒక నోట్‌బుక్, అంతే. మీటర్ మేలని కొందరంటారు. దాని కొన మీది పొర పాడైనా, క్యాలిబ్రేషన్ తప్పినా అది ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది, కిట్‌లో రంగు మన కళ్ళ ముందే మారుతుంది. కిట్టే వాడండి.

మురుగు కాలువ కలిసే చోట ఒకటి, తూము దగ్గర ఒకటి నీళ్ళు పట్టండి.

అందరూ పాడుచేసేది ఈ పట్టడమే. బకెట్‌తో ముంచి కిట్ సీసాలోకి వంపకండి. నీళ్ళు దబదబా పడితే గాలి కలిసి, చచ్చిన నీళ్ళు కూడా బతికినట్టు కనిపిస్తాయి. గట్టు మీద గట్టిగా కూర్చుని, మోచేతి దాకా చెయ్యి నీటిలో పెట్టి, సీసాను వాల్చి నెమ్మదిగా నిండనివ్వండి. నీటిలో ఉండగానే బిరడా బిగించి పైకి తీసి, తలకిందులు చేసి వేలితో తట్టండి. ఆవగింజంత బుడగ కనిపించినా పారబోసి మళ్ళీ పట్టండి. నేను ఒక్కోసారి ఐదారుసార్లు పట్టాను, చెయ్యి చల్లబడిపోయి విసుగొస్తుంది, అయినా వదలకండి.

వెంటనే అక్కడే కిట్‌లోని మొదటి మందు, ఆ తర్వాత రెండోది వేయాలి. ఇంటికెళ్ళి వేద్దాంలే అనుకోకండి, దారిలోనే బ్యాక్టీరియా మిగిలిన ఆక్సిజన్ వాడేసుకుంటుంది. బిరడా పెట్టేటప్పుడు కొంచెం నీళ్ళు పొంగినా ఫర్వాలేదు, బుడగ మాత్రం చిక్కకూడదు. సీసాను నాలుగైదుసార్లు తిప్పితే లోపల మడ్డి విరుగుతుంది. గోధుమ రంగైతే ఆక్సిజన్ ఉన్నట్టు. ఒకసారి కాలువ మూతి దగ్గర నాకు పాలు విరిగినట్టు తెల్లగా వచ్చింది, అంటే దాదాపు ఏమీ లేదు. పక్కనే పిల్లలు గాలాలు వేసుకుని కూర్చున్నారు, వాళ్ళకు ఏం చెప్పాలో తోచలేదు.

ఆ తర్వాత యాసిడ్, చుక్కల లెక్క అంతా కిట్ కాగితంలో ఉన్నట్టే. లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే చేపలకు హాయి. చేపలుండే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు 4. రెండుకు దిగితే చాలా చేపలు తట్టుకోలేవు. కాలువ దగ్గర తక్కువ, తూము దగ్గర ఎక్కువ వస్తే తప్పు ఎక్కడుందో తెలిసినట్టే, ఆ కాలువను ఆపకుండా నీటిలో గాలి కలపడానికి ఫౌంటెన్లు పెట్టించడం డబ్బు దండగ. హుస్సేన్ సాగర్‌ను అంతగా పాడుచేసిందీ కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చిన మురుగే.

టైము, చోటు, ముందురోజు మబ్బు పట్టిందా లేదా రాసుకోండి, మబ్బు మర్నాడు అంకె ఇంకా పడిపోతుంది. సీసాలో మిగిలిన మందు నీళ్ళు చెరువులో పారబోయకండి, వేరే డబ్బాలో పోసి ఇంటికి తెచ్చుకోండి.