ఒంటి తూటా రైఫిలు – నాలుగవ పాఠం: తూటాను ఎంచుకోవడం

గత మూడు పాఠాలలో ఒకసారికి ఒకే తూటా నింపుకునే ఒంటి తూటా రైఫిలు యంత్రాంగాన్ని, బ్యారెలు వెనుక నోటిని మూసే బ్రీచి దిమ్మెను, బ్యారెలును పరిచయం చేసుకున్నాము. కొలతలు వేసి చేయించుకునే రైఫిలుకు నమూనా గీయబోయే ముందు, అది ఏ తూటాను పేల్చాలో తేల్చుకోవాలి. దిమ్మెలో పిన్ను ఎక్కడ తగలాలి, ఖాళీ గుల్లను బయటికి లాగే కొక్కెం ఎలా ఉండాలి, గుండును తిప్పుతూ పంపే బ్యారెలు లోపలి గాళ్ల మెలిక ఎంత ఉండాలి అన్నవన్నీ తూటాను బట్టే నిర్ణయమవుతాయి. బ్యారెలు నచ్చిందని ముందు దానిని కొని, తరువాత తూటాను వెతుక్కునేవారు చివరికి రెండుసార్లు ఖర్చు పెడతారు.

చట్టం సంగతి ఇక్కడే చెప్పుకుందాము. చిన్న జంతువుల వేట గురించి ఈ పాఠంలో వచ్చేదంతా అమెరికా, బ్రిటన్ వంటి దేశాలకు చెందిన అనుభవం. మన దగ్గర శేషాచలం కొండలలోనైనా, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యంలోనైనా, సొంత పొలం గట్టు మీదనైనా, చెవులపిల్లినో కౌజునో కాల్చడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. లైసెన్సు లేకుండా తుపాకి తయారుచేయడం, ఉన్నదానిని మార్చడం 1959 నాటి ఆయుధ చట్టం కింద నేరాలు. కాబట్టి తిరుపతి, చిత్తూరు పాఠకులు ఈ పాఠాన్ని కాగితం మీద చేసే అభ్యాసంగాను, లైసెన్సు కలిగి రేంజిలో లక్ష్యాలను కాల్చేవారు తమ ఎంపికకు ఆధారంగాను తీసుకోవాలి.

ఒంటి తూటా యంత్రాంగానికి అంచు ఉన్న తూటా సహజంగా ఒదుగుతుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించగా వించెస్టర్ 1885లో విడుదల చేసిన రైఫిలులో దిమ్మె నిలువుగా కిందికి దిగుతుంది. మార్టినీ రకం రైఫిలులో దిమ్మె వెనుక చివర కీలు మీద ఉండి ముందు భాగం వాలుతుంది. రెండింటిలోనూ తూటాను చేతితో చాంబరులో, అంటే బ్యారెలు వెనుక చివర తూటా కూర్చునే గదిలో, పెట్టాలి. గుల్ల అడుగున బయటికి పొడుచుకు వచ్చిన అంచు చాంబరు నోటి దగ్గర ఆగుతుంది, కొక్కెం ఆ అంచునే పట్టి వెనక్కి లాగుతుంది. అంచు లేని తూటాకైతే స్ప్రింగుతో కదిలే చిన్న కొక్కేన్ని గుల్ల అడుగున ఉన్న గాడిలోకి చొప్పించాలి. అదీ పనిచేస్తుంది, కానీ సున్నితమైన భాగం ఒకటి అదనంగా చేరుతుంది. మ్యాగజీను లేని రైఫిలుకు ఆ తలనొప్పి కొనితెచ్చుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

అంచు గల తూటాలు రెండు రకాలు. రిమ్‌ఫైర్ తూటాలో మండించే రసాయనం అంచు లోపలే ఉంటుంది. పిన్ను అంచును నొక్కితే అది అంటుకుంటుంది. సెంటర్‌ఫైర్ తూటాలో అడుగున నడిమధ్య ఆ రసాయనం ఉన్న క్యాపు ఉంటుంది. రిమ్‌ఫైర్ అంచు పిన్ను దెబ్బకు నలగవలసినదే గనుక గుల్లను పలుచగా చేస్తారు, అందువల్ల పీడనానికి హద్దు ఉంటుంది. 0.22 లాంగ్ రైఫిల్ తూటా (పేరులోని 0.22 గుండు లావును సుమారుగా అంగుళాలలో చెబుతుంది) గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు. సెంటర్‌ఫైర్ తూటా అయిన 0.22 హార్నెట్ 40,000 దాటుతుంది. పాత స్టీవెన్స్ 44 రైఫిలు వంటి మెత్తని యంత్రాంగం మీద హార్నెట్ బ్యారెలు బిగించవద్దని తుపాకి పనివారు హెచ్చరించేది ఇందుకే.

మన ప్రాంతంలో ఎన్‌సీసీలో చేరిన ఎవరికైనా 0.22 లాంగ్ రైఫిల్ పరిచయమే. డీలక్స్ రైఫిలుతో నేల మీద పడుకుని కాల్చిన తూటా అదే. స్టీవెన్స్ కంపెనీ దానిని 1887లో తెచ్చింది. ఒలింపిక్ 50 మీటర్ల రైఫిలు పోటీలో నేటికీ అదే తూటా. ఆ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. సాధారణ వేగపు తూటాలో 40 గ్రెయిన్ల, అంటే సుమారు 2.6 గ్రాముల సీసపు గుండు సెకనుకు 326 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, దాని శక్తి 138 జూళ్లు. చాలా తక్కువ శక్తి అనిపించవచ్చు, కానీ అమెరికాలో ఉడుతలను వేటాడేవారు తలకే గురిపెడతారు. వారికి కావలసింది ఆ అంగుళంలో గుండు దిగడం, మాంసం చెడకపోవడం.

అదే తూటాను హై వెలాసిటీ రకంలో కొంటే గుండు సెకనుకు 380 మీటర్ల దాకా వెళుతుంది. వేగం పెరిగితే గాలి వాటం తక్కువ తగులుతుందని కొత్తవారు అనుకోవడం సహజమే, కానీ ఈ తూటా విషయంలో జరిగేది తలకిందులుగా ఉంటుంది. పక్క గాలి గుండును ఎంత నెడుతుందన్నది ప్రయాణానికి పట్టిన మొత్తం సమయాన్ని బట్టి ఉండదు. గాలి నిరోధమే లేకపోతే పట్టే సమయం కంటే నిజంగా ఎంత ఎక్కువ పట్టిందో, ఆ ఆలస్యాన్ని గాలి వేగంతో గుణిస్తే వచ్చేదే పక్కకు జరిగిన దూరం. శబ్ద వేగాన్ని దాటిన మొండి ముక్కు గుండుకు నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది, అది త్వరగా వేగం కోల్పోతుంది, ఆలస్యం పెరుగుతుంది. గంటకు 16 కిలోమీటర్ల పక్క గాలిలో 100 గజాల దగ్గర సాధారణ వేగపు గుండు నాలుగు అంగుళాల పైచిలుకు జరిగితే, హై వెలాసిటీ గుండు ఐదు అంగుళాలు దాటుతుంది. అదీగాక అది దారి మధ్యలో శబ్ద వేగం కిందికి జారుతుంది, ఆ సంధిలో గుండు నిలకడ దెబ్బతిని లక్ష్యం మీద పడే రంధ్రాల గుంపు విచ్చుకునే ప్రమాదం ఉంది. పోటీలలో కాల్చేవారు నెమ్మది తూటానే కోరుకోవడానికి ఇదే కారణం.

శబ్ద వేగం కూడా స్థిరమైనది కాదు, వాతావరణపు వేడిని బట్టి మారుతుంది. రోహిణి కార్తెలో తిరుపతిలో 40 డిగ్రీలు ఉన్నప్పుడు అది సెకనుకు సుమారు 355 మీటర్లు; చలికాలపు ఉదయం హార్స్‌లీ హిల్స్ మీద 12 డిగ్రీలున్నప్పుడు సుమారు 339. సెకనుకు 345 మీటర్ల వేగంతో వెళ్లే తూటా కొండ మీద ఫెళ్లుమని శబ్దపు అడ్డు దాటుతుంది, కింద దాటదు. 326 మీటర్ల తూటా రెండు చోట్లా అడ్డుకు కిందనే ఉంటుంది. రైఫిలును ఏ కాలంలో, ఎక్కడ కాలుస్తారో ముందుగా ఆలోచించమని చెప్పేది అందుకే.

తక్కిన రెండు రిమ్‌ఫైర్ తూటాలకు ఎక్కువ సమయం అక్కరలేదు. 1959లో వచ్చిన 0.22 వించెస్టర్ మ్యాగ్నమ్ 40 గ్రెయిన్ల గుండును సెకనుకు సుమారు 570 మీటర్ల వేగంతో పంపుతుంది. 2002లో హార్నడీ కంపెనీ తెచ్చిన 0.17 హెచ్‌ఎంఆర్ (హార్నడీ మ్యాగ్నమ్ రిమ్‌ఫైర్) ఆ మ్యాగ్నమ్ గుల్ల మెడనే సన్నగా చేసి 17 గ్రెయిన్ల గుండును సుమారు 777 మీటర్ల వేగంతో పంపుతుంది. నూరు గజాల అవతల గుండు వెళ్లే గీత చదునుగా ఉండాలనుకుంటే రెండవది మంచిదే, కానీ తినడానికి వేటాడేవారికి అది పనికిరాదు, చిన్న కుందేలు శరీరానికి తగిలితే మాంసం ముద్దవుతుంది. భద్రత మాటా ఒకటి ఉంది. లాంగ్ రైఫిల్ తూటా మ్యాగ్నమ్ చాంబరులో సులువుగా దిగుతుంది, అయినా కాల్చకూడదు. మ్యాగ్నమ్ గుల్ల లావు 6.1 మిల్లీమీటర్లు, లాంగ్ రైఫిల్ గుల్ల 5.7. ఆ వదులులో పలుచని ఇత్తడి చీలి, మంటగాలి కాల్చేవారి ముఖం వైపు తన్నగలదు.

1930లో వించెస్టర్ మార్కెట్లోకి తెచ్చిన 0.22 హార్నెట్ మీద నాకు మనసులో పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. అంచు ఉంది, పొట్టిది, పెద్దగా తన్నదు. 45 గ్రెయిన్ల గుండుతో సెకనుకు 820 మీటర్లు, సుమారు 980 జూళ్లు. మందు తగ్గించి, సీసపు పోత గుండు పెట్టుకుంటే చిన్న వేటకు మెత్తగా, పూర్తి మందుతో 150 గజాల అవతలికి గట్టిగా పనిచేస్తుంది. అయితే ఈ వెసులుబాటు అంతా తూటాను ఇంట్లో తిరిగి నింపుకునే దేశాలవారికే దక్కుతుంది. కొన్న తూటాలతోనే నెట్టుకు రావలసిన చోట హార్నెట్ ఖరీదైన ముచ్చట. మన దగ్గర లైసెన్సుదారుకు, ఎన్‌సీసీకి, రైఫిల్ క్లబ్బులకు అలవాటైనది 0.22 లాంగ్ రైఫిలే గనుక నా సలహా కూడా అదే.

బ్యారెలు మెలిక కూడా తూటాతోపాటే రాసుకోండి. లాంగ్ రైఫిల్‌కు 16 అంగుళాలకు ఒక చుట్టు, హెచ్‌ఎంఆర్‌కు 9 అంగుళాలకు ఒకటి, హార్నెట్‌కు సంప్రదాయంగా 16. హార్నెట్‌లో పొడవైన బరువు గుండ్లు సరిగా నిలబడకపోవడానికి ఈ నెమ్మది మెలికే కారణం. లాంగ్ రైఫిల్ మందు 16–18 అంగుళాలలోనే దాదాపు కాలిపోతుంది. ఆపైన పొడవు వేగాన్ని పెంచదు, గురి చూసే దూరాన్నీ ముందు బరువునూ మాత్రం పెంచుతుంది. బోల్టు వెనక్కి జరగడానికి చోటు అక్కరలేని ఒంటి తూటా రైఫిలులో 24 అంగుళాల బ్యారెలు పెట్టినా మొత్తం పొడవు చేతికి అందేటంతే ఉంటుంది.

అభ్యాసం: ఒక కాగితం మీద మీరు కాల్చే దూరం, అక్కడి వేసవి, శీతకాలపు ఉష్ణోగ్రతలు, మీకు నిజంగా దొరికే తూటా పేరు, దాని గుండు బరువు, వేగం రాయండి. సెల్సియస్ డిగ్రీలను 0.6తో గుణించి 331 కలిపితే ఆ రోజు శబ్ద వేగం వస్తుంది. దానికీ మీ తూటా వేగానికీ మధ్య తేడా 10 మీటర్ల కంటే తక్కువ వస్తే తూటా రకం మార్చి లెక్క మళ్లీ చేయండి. ఐదవ పాఠంలో చాంబరు కొలతలు తీసుకుంటాము, అప్పుడు ఈ కాగితం దగ్గర ఉండాలి.