పీటర్స్‌బర్గ్ వీధి మనుషులు - పాఠం 3: ముందు వెలుగు, తర్వాత మనిషి

కిందటి పాఠంలో లెన్సు సంగతి తేల్చుకున్నాం. 35 లేదా 50 మిల్లీమీటర్లు చాలు, ఫోన్ అయితే జూమ్ జోలికి పోవద్దు. ఈసారి వెలుగు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నవంబరు రాగానే ఇక ఎండ ఉండదని కెమెరా లోపల పెట్టేసేవాళ్లుంటారు. అక్కడ మెడిసిన్ చదవడానికి వెళ్లిన మన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ పని చెయ్యకండి. వెలుగు ఉంటుంది. ఎక్కడ పడుతుందో తెలుసుకోవాలి, అంతే.

ముందు కొంచెం లెక్క. ఆ ఊరు దాదాపు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 7 డిగ్రీల ఎత్తు దాటడు. పగలు ఆరు గంటలకు కాస్త తక్కువే. 1844లో జార్ నికొలాయ్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు: ప్రైవేటు ఇల్లు ఏదీ 11 సాజెన్‌లు, అంటే సుమారు 23.5 మీటర్లు, దాటకూడదని. అందుకే పాత ఊరిలో మేడలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో కనిపిస్తాయి. అంత ఎత్తు మేడ డిసెంబరు మధ్యాహ్నం వేసే నీడ 200 మీటర్ల పొడవు! కాబట్టి ఊరి ప్రధాన వీధి నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్‌లో పేవ్‌మెంట్ మీద ముఖానికి ఎండ తగలాలని నిలబడితే చీకటి పడేదాకా నిలబడాల్సిందే.

మరి ఎండ ఎక్కడ దొరుకుతుంది? నీళ్ల పక్కన. వసీల్యెవ్‌స్కీ దీవి మీద యూనివర్సిటీ ఉన్న గట్టుకు వెళ్లండి. దాని ముందు నెవా నది చాలా వెడల్పుగా ఉంటుంది. ఎదుటి ఒడ్డున ఉన్న మేడల నీడ చాలావరకు నదిలోనే ఆగిపోతుంది, ఎండ ఇటు గట్టు దాకా వస్తుంది. క్లాసులు అయిపోయి బయటికొచ్చే విద్యార్థులు, కుక్కతో నడిచే పెద్దాయన, మంచు ఎత్తే పనివాళ్లు, అందరి మీదా అదే పక్కవాటు వెలుగు.

మన దగ్గర మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే కళ్ల గుంటలు నల్లబడతాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అక్కడ డిసెంబరులో ఆ భయం లేదు. మనకు తెల్లారిన అరగంటకు ఉండే ఎండ అక్కడ పగటి పొడుగునా ఉంటుంది. బొచ్చు టోపీ కింద ఉన్న కళ్లలోకి కూడా నేరుగా వస్తుంది. అయితే ఎదురుగా వస్తే మనిషి కళ్లు చికిలిస్తాడు. అందుకని ఎండ అతనికి ఒక పక్కగా ఉండేలా మీరు జరగండి. అతన్ని జరపకండి. ముక్కు నీడ అవతలి చెంప మీద చిన్నగా పడితే సరిగ్గా ఉన్నట్టు. కింద మంచు ఉంటే ఇంకా మంచిది, గడ్డం కింద నీడను అదే తేలిక చేస్తుంది. కానీ మంచు తెలుపు చూసి కెమెరా మోసపోయి ముఖాన్ని నల్లగా చేస్తుంది. కెమెరాలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో ఎంత వెలుగుగా రావాలో మార్చే +/- సెట్టింగ్) +0.7 నుంచి +1 వరకు పెంచండి. ఫోన్‌లో అయితే ముఖం మీద వేలు పెట్టి పైకి జరపండి.

ఇంతా చెప్పాక అసలు మాట: అక్కడి చలికాలంలో ఎక్కువ రోజులు మబ్బే. మబ్బు రోజున కమానుల కోసం వెతకండి. పాత ఇళ్లలో వీధి నుంచి లోపలి పెరట్లోకి వెళ్లే దారి మీద కమాను ఉంటుంది. దాని నోట్లో ఒక అడుగు లోపల, వీధి వైపు తిరిగి నిలబడిన మనిషిని చూడండి. వెనక చీకటి, ముఖం మీద మెత్తటి వెలుగు. ఇంత మంచి స్టూడియో ఆ ఊరంతా ఉచితంగా దొరుకుతుంది. అదే మనిషి లోపలికి వెళ్లి నాలుగు గోడల మధ్య ఇరుకు పెరట్లో నిలబడితే వెలుగు నెత్తి మీద నుంచే పడుతుంది, కళ్లు పోతాయి.

ఈ ఊరి సామాన్యుల ఫొటోలకు పెద్ద చరిత్రే ఉంది. స్కాట్లాండ్‌లో పుట్టిన విలియం కారిక్ 1859లో ఇక్కడ స్టూడియో తెరిచాడు. పాలమ్మేవాళ్లను, పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్లను, వీధుల్లో తిరుగుతూ అమ్ముకునేవాళ్లను లోపలికి పిలిచి ఫొటోలు తీశాడు. అప్పట్లో ఫిల్ముకు బదులు వాడిన గాజు ప్లేట్లకు చాలా వెలుగు కావాలి, చాలాసేపు కదలకుండా ఉండాలి. ఆ ఫొటోల్లో మనుషుల హుందాతనం నాకు చాలా ఇష్టం. వీధి మాత్రం వాటిలో లేదు. మన కెమెరాలకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి మనిషిని వెలుగు దగ్గరికి పిలవక్కర్లేదు. వెలుగు ఉన్నచోట మనం కాచుకుంటే మనిషే వస్తాడు.

వచ్చాక అడగాలి. "ఇజ్వినీతె, మోజ్న వాస్ స్ఫతగ్రాఫీరవత్?" అంటే, క్షమించండి, మిమ్మల్ని ఫొటో తీయవచ్చా అని. ఈ రూపంలో గౌరవం ఉంది, పెద్దవాళ్లతోనూ సరిపోతుంది. అడిగేటప్పుడు అదే పనిగా నవ్వకండి, అక్కడ కొత్తవాళ్లను చూసి నవ్వడం అలవాటు కాదు. ముఖమే ప్రధానంగా ఉన్న ఫొటో ప్రచురించాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలని రష్యా సివిల్ కోడ్‌లోని 152.1 అధికరణం చెబుతుంది. కాబట్టి ఎక్కడ పెడతారో కూడా చెప్పండి. పోలీసులు, సైనికుల వైపు కెమెరా తిప్పవద్దు.

మెట్రో బయట అల్లిన మేజోళ్లు, సోంపాకు లాంటి ఆకుకూర కట్టలు పెట్టుకుని కూర్చునే ముసలమ్మల దగ్గర ఇంకా జాగ్రత్త. అనుమతి లేకుండా అమ్మితే జరిమానా పడుతుంది. ఆమె ముఖం తిప్పుకుంటే మీ మీద కోపం కాదు, ఆ టెన్షన్. మంచు ఎత్తే పనివాళ్లలో మధ్య ఆసియా నుంచి వచ్చినవాళ్లు చాలామంది. కాగితాల భయం వాళ్లకూ ఉండొచ్చు. వద్దంటే మళ్లీ అడగకండి.

సరేనంటే మొదటి ఫొటో వెంటనే తీసెయ్యండి. అందులో మనిషి బిగుసుకుని నిలబడతాడు, పరవాలేదు. ఫొటో చూపించి థాంక్స్ చెప్పండి, కెమెరా దించకండి. పార తిరిగి చేతిలోకి తీసుకునేటప్పుడు, టోపీ సర్దుకునేటప్పుడు వచ్చే ముఖం కోసమే ఇంత సేపూ ఎదురుచూశాం. కదలిక చెదరకుండా షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు ఉంచండి.

చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, రెండోది లోపలి జేబులో పెట్టుకోండి. వెచ్చటి గదిలోకి వెళ్లే ముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించండి, లేకపోతే లెన్సు మీద తేమ పడుతుంది.

ఈ వారం పని: ఫొటోలు తీయకుండా ఒక పూట నడవండి. మంచి కమానులు ఎక్కడున్నాయో, ఏ గట్టు మీద ఏ వేళ ఎండ ఉందో రాసుకోండి. ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో చదువుతున్నవాళ్లు పీటర్ అండ్ పాల్ కోట గోడ దగ్గరికి, నెవా వైపు వెళ్లండి. ఇంకా మంచు ఉండగానే జనం చొక్కాలు విప్పి ఆ రాతి గోడకు ఆనుకుని ఎండ కాచుకుంటారు. వాళ్లలో ఒకరిని అడిగి, రెండే రెండు ఫొటోలు తీయండి. వచ్చే పాఠంలో 86 మీటర్ల లోతున్న ఆద్మిరల్తేయ్‌స్కాయా మెట్రో స్టేషన్‌కు దిగి, ఎస్కలేటర్ దీపాల వెలుగులో ముఖాలు ఎలా కనిపిస్తాయో చూద్దాం.